భౌతికశాస్త్ర డిగ్రీ చదువుతూనే పీహెచ్‌డీకి సిద్ధం కావడం ఎలా?

డిగ్రీలో మీరు చేసే ప్రతి లెక్కకూ ఒక జవాబు ఉంటుంది. అది పుస్తకం చివర ఉంటుంది, లేదా లెక్క ఇచ్చిన ఉపాధ్యాయుని సొరుగులో ఉంటుంది. పీహెచ్‌డీలో ఎదురయ్యే లెక్కకు జవాబు ఎవరి సొరుగులోనూ ఉండదు. అసలు ప్రశ్నే తప్పని ఏడాది గడిచాక తెలిసే సందర్భాలు కూడా ఉంటాయి. దరఖాస్తులు పరిశీలించే ఆచార్యులు మీ మార్కుల పట్టికనూ, సిఫారసు లేఖలనూ, మీరు రాసిన రెండు పేజీలనూ ముందు పెట్టుకుని వెతికేది ప్రధానంగా ఒక్కటే: జవాబు దొరకని చోట ఈ విద్యార్థి ఎంతకాలం నిలబడగలరు? దానికి మార్కులు సాక్ష్యమే, కానీ బలహీనమైన సాక్ష్యం.

ఇది నాకు ఆలస్యంగా తెలిసింది. మొదటి రెండేళ్లు సాధనల పుస్తకం పక్కన పెట్టుకుని లెక్కలు చేశాను. మంచి మార్కులే వచ్చాయి. మూడో ఏడాది వేసవిలో ఒక ప్రయోగశాలలో చేరితే, అక్కడి పరిశోధక విద్యార్థి ఒక గ్రాఫు చూపించి, "ఇక్కడ ఈ గుట్ట ఎందుకు వచ్చిందనుకుంటున్నావు?" అని అడిగారు. నేను ఏ అధ్యాయంలో చూడాలో ఆలోచిస్తూ నిలబడిపోయాను. ఆ గుట్టకు కారణం ఒక వదులైన తీగ. కింద చెప్పబోయేవన్నీ ఆ తర్వాత నేర్చుకున్నవే.

మొదటి అడుగు: క్యాలెండరును వెనక నుంచి లెక్కపెట్టండి

ఏ దేశంలో ఏ ద్వారం గుండా వెళ్లాలో ముందుగా తెలుసుకోండి. అమెరికాలో నాలుగేళ్ల డిగ్రీ తర్వాత నేరుగా పీహెచ్‌డీలో చేరవచ్చు. మొదటి ఏడాది, రెండేళ్లు తరగతులూ అర్హత పరీక్షా ఉంటాయి. మొత్తం సాధారణంగా ఐదారేళ్లు పడుతుంది. భౌతికశాస్త్రంలో చేరిన వారికి ఫీజు మాఫీ చేసి, బోధన సహాయకులుగానో పరిశోధన సహాయకులుగానో జీతం ఇవ్వడం అక్కడి ఆనవాయితీ. ఐరోపాలో చాలా చోట్ల ముందు మాస్టర్స్ పూర్తి చేయాలి. ఆ తర్వాత పీహెచ్‌డీ మూడు నాలుగేళ్లు. చాలా దేశాల్లో అది ఉద్యోగ ప్రకటనలాగే వెలువడుతుంది, ఒక ఖాళీ, ఒక ప్రాజెక్టు, ఒక గడువు. భారతదేశంలో ఎమ్మెస్సీకి జామ్, పరిశోధనకు జెస్ట్, గేట్, నెట్ వంటి పరీక్షలు దాటి ఇంటర్వ్యూకు వెళ్లాలి. మూడేళ్ల డిగ్రీ ఉన్నవారిని అమెరికాలోని చాలా విభాగాలు నాలుగో ఏడాది చదువో మాస్టర్సో అడుగుతాయి. ప్రతి విభాగం నియమాన్నీ విడిగా చూసుకోండి.

ఇప్పుడు లెక్క వేయండి. అమెరికాలో ఆగస్టు, సెప్టెంబరుల్లో మొదలయ్యే చదువుకు దరఖాస్తుల గడువు సాధారణంగా అంతకుముందు డిసెంబరులో, కొన్ని చోట్ల జనవరి మొదట్లో ముగుస్తుంది. అంటే నాలుగేళ్ల డిగ్రీలో చివరి ఏడాది సగానికి రాకముందే దరఖాస్తు వెళ్లిపోవాలి. అప్పటికి చేతిలో ఉండేవి ఆరు సెమిస్టర్ల మార్కులే. ఎనిమిదో సెమిస్టరులో మీరు ఎంత గొప్ప ప్రాజెక్టు చేసినా దరఖాస్తులో దానికి చోటు ఉండదు. చివరి ఏడాది పరిశోధన మొదలుపెడదామనుకునే వారు పెళ్లి అయిపోయాక బాజాలు పిలిచినట్టే.

కాబట్టి మొదటి ఏడాది గణితం, ప్రయోగశాల అలవాట్లు. రెండో ఏడాది కోడు రాయడం, పరిశోధన బృందం తలుపు తట్టడం. మూడో ఏడాది, ఆ తర్వాతి వేసవి పూర్తిగా పరిశోధన. మూడేళ్ల డిగ్రీ తర్వాత మాస్టర్స్‌కు వెళ్లేవారికి ఈ కాలపట్టిక కొంత సాగుతుంది, అంతే, వరుస మారదు.

రెండో అడుగు: గణితం ఒక సెమిస్టరు ముందు నడవాలి

క్వాంటం మెకానిక్స్ కష్టమని చెప్పే విద్యార్థుల్లో చాలామందికి నిజంగా కష్టమైనది లీనియర్ ఆల్జీబ్రా. రెండూ ఒకేసారి మీద పడతాయి. ఏది అర్థం కావడం లేదో కూడా అర్థం కాదు. అందుకే గణితాన్ని ముందే పూర్తి చేయండి. కలనగణితం, సదిశల కలనగణితం, అవకలన సమీకరణాలు, లీనియర్ ఆల్జీబ్రా, సంకీర్ణ సంఖ్యలు, ఫూరియర్ విశ్లేషణ, ఆ పైన పాక్షిక అవకలన సమీకరణాలు. సంభావ్యతను, గణాంకాలను చాలా డిగ్రీలు పక్కన పెడతాయి. మీరు పెట్టకండి, ప్రయోగం చేసే వారికి అన్నం పెట్టేది అదే.

గణితాన్ని భౌతికశాస్త్రంతో ముడివేసి నేర్చుకోవడానికి ఒక ఉదాహరణ. రెండు ఒకేలాంటి లోలకాలను బలహీనమైన స్ప్రింగుతో కలపండి. ఒకదాన్ని ఊపితే, కాసేపటికి అది ఆగిపోయి రెండోది ఊగుతుంది. మళ్లీ మొదటిదానికి చలనం తిరిగి వస్తుంది. దీనికి సమీకరణాలు రాస్తే రెండు వరుసలు, రెండు నిలువు వరుసల మాత్రిక వస్తుంది. దాని ఐగెన్ విలువలు వెతికితే రెండు సహజ చలనాలు బయటపడతాయి: రెండు లోలకాలూ కలిసి ఊగేది ఒకటి, ఎదురెదురుగా ఊగేది మరొకటి. మొదటిదాని కోణీయ పౌనఃపున్యపు వర్గం జీ బై ఎల్ (గురుత్వ త్వరణం బై లోలకం పొడవు). రెండోదానిలో దానికి రెండు కే బై ఎమ్ కలుస్తుంది (కే స్ప్రింగు స్థిరాంకం, ఎమ్ గుండు ద్రవ్యరాశి). ఈ ఒక్క లెక్కను కాగితం మీద మూడుసార్లు, పుస్తకం చూడకుండా చేయండి. రేపు క్వాంటం తరగతిలో రెండు స్థితుల వ్యవస్థ వచ్చినప్పుడు, ఇది మనకు తెలిసిన లోలకాల జంటే కదా అనిపిస్తుంది.

టేలర్ శ్రేణి మీద కూడా చెయ్యి తిరగాలి. భౌతికశాస్త్రంలో సగం పని, ఏ పదాన్ని వదిలేయవచ్చో తేల్చుకోవడమే.

మూడో అడుగు: నాలుగు స్తంభాలు

క్లాసికల్ మెకానిక్స్, విద్యుదయస్కాంతత్వం, క్వాంటం మెకానిక్స్, ఉష్ణగతికశాస్త్రంతో కలిసిన స్టాటిస్టికల్ మెకానిక్స్. ఏ శాఖలోకి వెళ్లినా ఈ నాలుగూ కావాలి. కణ భౌతికం, సాధారణ సాపేక్షత వంటి ఆకర్షణీయమైన ఐచ్ఛిక పాఠాల కోసం వీటిని తొందరగా ముగించడం చాలామంది చేసే పొరపాటు. దరఖాస్తు చదివేవారు సాపేక్షతలో ఏ గ్రేడు వచ్చిందనే దానికంటే విద్యుదయస్కాంతత్వంలో సి గ్రేడు ఎందుకు వచ్చిందని ఎక్కువగా ఆలోచిస్తారు.

లెక్కలు చేసే పద్ధతి మాత్రం మార్చుకోవాలి. సాధనల పుస్తకాన్ని వేరే గదిలో పెట్టండి. ఒక లెక్కతో కనీసం ముప్పై నిమిషాలు ఒంటరిగా కూర్చోండి. రాకపోతే ఎక్కడ ఆగారో ఒక వాక్యంలో రాయండి. "సరిహద్దు దగ్గర విద్యుత్ క్షేత్రంలో ఏ అంశం మారదో తెలియలేదు" అన్నట్టు. ఆ వాక్యం రాయగలిగితే సగం దారి వచ్చినట్టే. స్నేహితునికో ఉపాధ్యాయునికో చూపించడానికి మంచి ప్రశ్న కూడా సిద్ధమైంది. జవాబు వచ్చాక కలం మూయకండి. మూడు పరీక్షలు పెట్టండి. ప్రమాణాలు సరిపోయాయా? ద్రవ్యరాశిని సున్నా చేస్తేనో, దూరాన్ని అనంతం చేస్తేనో అర్థవంతమైన ఫలితం వస్తుందా? సంఖ్యలు వేస్తే లోకంలో ఉండే పరిమాణం వచ్చిందా? ఈ మూడో పరీక్షను విద్యార్థులు దాదాపుగా చేయరు. ఎలక్ట్రానుకు కాంతికంటే రెట్టింపు వేగం తెచ్చి, కింద రెండు గీతలు గీసి అప్పగించిన ఘనత నాకూ ఉంది.

వారానికి ఒకరోజు ఇద్దరు ముగ్గురు కలిసి, ఒకరు బల్ల దగ్గర నిలబడి వివరించే అలవాటు పెట్టుకోండి. మనసులో స్పష్టంగా ఉన్నదనుకున్నది సుద్దముక్క పట్టుకోగానే జారిపోతుంది. ఆ జారడం పరీక్ష గదిలోకంటే స్నేహితుల ముందే జరగడం నయం.

నాలుగో అడుగు: ఒక్క లోలకంతో ప్రయోగాన్నీ కోడునూ నేర్చుకోండి

డిగ్రీ ప్రయోగశాలకు ఒక జబ్బు ఉంది. రావలసిన విలువ ముందే తెలుసు కాబట్టి, అందరూ ఆ విలువను "రప్పిస్తారు". ఈ అలవాటు పరిశోధనలో విషం. దాన్ని వదిలించుకోవడానికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు, ఒక దారం, ఒక గుండు చాలు.

మీటరు పొడవున్న లోలకం ఆవర్తన కాలం దాదాపు రెండు సెకన్లు. చిన్న కోణాలకు ఆ సూత్రం సరిపోతుంది. ముప్పై డిగ్రీల నుంచి వదిలితే? టేలర్ శ్రేణిలో తర్వాతి పదం ప్రకారం, రేడియన్లలో కోణాన్ని వర్గం చేసి పదహారుతో భాగించినంత పెరగాలి. అంటే సుమారు 1.7 శాతం. సెకన్లలో 0.035. చేతి గడియారంతో కొలిచేటప్పుడు మీ వేలి ఆలస్యమే 0.2 సెకన్ల వరకు ఉంటుంది కాబట్టి ఒక్క ఊపును కొలిస్తే ఈ తేడా కనిపించదు. ఇరవై ఊపులను కలిపి కొలవండి. ఆలస్యం ఇరవై భాగాలుగా పంచుకుని, ఒక్కో ఊపుకు 0.01 సెకను అవుతుంది. ఇప్పుడు తేడా దొరుకుతుంది.

కానీ కొలిచి చూస్తే 1.7 శాతం కంటే తక్కువ వస్తుంది. అసలు పాఠం ఇక్కడ మొదలవుతుంది. చాలామంది "ప్రయోగ దోషం" అని రాసి వెళ్లిపోతారు. మీరు వెళ్లకండి. గాలి వల్ల ఊపు తగ్గుతూ వచ్చింది. ఇరవయ్యో ఊపు ముప్పై డిగ్రీల దగ్గర లేదు. మరి ఎంత తగ్గింది? ప్రతి ఐదు ఊపులకు కోణం రాసుకుంటే ఎంత సవరణ రావాలో లెక్కించవచ్చు. ఆ సవరణ తర్వాత కూడా తేడా మిగిలితే, దారం సాగుతున్నదా, కట్టిన ముడి కదులుతున్నదా అని చూడాలి. ఇలా ఒక తేడా వెంట పడి వెళ్లడమే పరిశోధన. పెద్ద ప్రయోగశాలలో పరికరాలు మారతాయి తప్ప పని ఇదే.

ఇదే లోలకాన్ని కంప్యూటరులోకి తీసుకురండి. పైథాన్ నేర్చుకోవడానికి ఇది మంచి మొదటి ప్రాజెక్టు. ఇప్పుడున్న స్థానం, వేగాలతోనే తర్వాతి విలువలు రెండూ లెక్కించే ఆయిలర్ పద్ధతిలో సెకనులో నూరో వంతు అడుగుతో నడిపిస్తే, ఘర్షణే లేని మీటరు లోలకం శక్తి పది సెకన్లలో రెండున్నర రెట్లు దాటి పెరుగుతుంది. ప్రకృతిలో ఇలా జరగదు, తప్పు పద్ధతిది. ముందుగా వేగాన్ని మార్చి, ఆ కొత్త వేగంతో స్థానాన్ని మార్చండి. కోడులో ఒక్క వరుస స్థానం మారింది, అంతే. శక్తి ఇక అదుపు తప్పదు, చిన్న హెచ్చుతగ్గులతో ఒకచోటే ఉంటుంది. కంప్యూటరు చెప్పిందంతా నిజం కాదని ఇంత చవకగా మరెక్కడా తెలియదు.

ఆ తర్వాత నిజమైన దత్తాంశాలకు వెళ్లండి. 2015 సెప్టెంబరు 14న అమెరికాలోని లైగో వేధశాల పట్టుకున్న తొలి గురుత్వాకర్షణ తరంగపు సంకేతం ఎవరైనా దించుకోవడానికి ఉచితంగా ఉంది. అది సెకనులో ఐదో వంతు కాలం మాత్రమే వినిపించిన సంకేతం. శబ్దం నుంచి దాన్ని వేరుచేసే క్రమంలో ఫూరియర్ విశ్లేషణ ఎందుకు నేర్పారో తెలుస్తుంది. కణ భౌతిక ప్రయోగశాల సెర్న్‌లోని ప్రయోగాల దత్తాంశం, దాదాపు 180 కోట్ల నక్షత్రాల సమాచారమున్న గయా ఉపగ్రహపు 2022 నాటి పట్టిక కూడా అందరికీ తెరిచే ఉన్నాయి. గయా నుంచి కొన్ని వేల నక్షత్రాలు తీసుకుని రంగుకూ కాంతికీ గ్రాఫు గీయండి. ఒక సాయంత్రం పని. ఆ కోడును, మార్పులన్నీ దాచిపెట్టే గిట్ అనే సాధనంలో పెట్టి, ఆరు నెలల తర్వాత మీకే అర్థమయ్యేలా వ్యాఖ్యలు రాయండి.

నోటుబుక్కు గురించి ఒక్క మాట: తప్పు అంకెలను కొట్టివేయండి, చెరిపేయకండి. కొన్నిసార్లు అవే ఒప్పు అంకెలుగా తేలతాయి.

ఐదో అడుగు: పరిశోధనలోకి దిగడం

ఈ అడుగు మిగతా అన్నింటికంటే బరువైనది. దీన్ని రెండో ఏడాదిలోనే మొదలుపెట్టండి. "నాకింకా ఏమీ రాదు" అన్న సంకోచం ఆ వయసులో సహజం, కానీ ఏమీ రాని విద్యార్థులు వస్తారని ఆచార్యులకూ తెలుసు. వారు చూసేది నిలకడ.

ముందు మీ విభాగంలో ఎవరు ఏ పని చేస్తున్నారో చూడండి. ఇద్దరు ముగ్గురి ఇటీవలి పత్రాల సారాంశాలు చదవండి. 1991లో పాల్ గిన్స్‌పార్గ్ మొదలుపెట్టిన ఆర్కైవ్ అనే ఆన్‌లైన్ భాండారంలో భౌతికశాస్త్ర పత్రాలు చాలావరకు ఉచితంగా దొరుకుతాయి. అంతా అర్థం కానక్కరలేదు. మొదటిసారి సారాంశం, బొమ్మలు, ముగింపు మాత్రం చూడండి. పత్రం చదవడమంటే నవల చదివినట్టు మొదటి పేజీ నుంచి చివరి పేజీకి వెళ్లడం కాదని ఎవరూ చెప్పరు. నేను మొదటి పత్రాన్ని అలాగే చదివి రెండో పేజీలో మూడు వారాలు ఇరుక్కున్నాను.

తర్వాత ఉత్తరం రాయండి. పొగడ్తలు వద్దు, జీవిత చరిత్ర వద్దు. ఇలా ఉంటే చాలు:

"నమస్కారం మేడం. నేను భౌతికశాస్త్రం రెండో సంవత్సరం చదువుతున్నాను. గత సెమిస్టరులో మీ దగ్గర ఆప్టిక్స్ నేర్చుకున్నాను. పలుచని పొరల మీద మీ బృందం గత ఏడాది ప్రచురించిన పత్రంలో మూడో బొమ్మ చూశాను. గది ఉష్ణోగ్రత దాటాక వక్రం ఎందుకు వంగిందో నాకు అర్థం కాలేదు. పైథాన్‌లో దత్తాంశాన్ని గ్రాఫుగా గీయడం, వక్రానికి సూత్రం సరిపోల్చడం వచ్చు. వారానికి ఎనిమిది గంటల చొప్పున కనీసం రెండు సెమిస్టర్లు పని చేయగలను. వచ్చే వారం పదిహేను నిమిషాలు మాట్లాడే వీలుంటుందా?"

ఇందులో ఎవరు, ఏమి చదివారు, ఏమి వచ్చు, ఎంత సమయం ఇవ్వగలరు అన్న నాలుగూ ఉన్నాయి. అన్నింటికంటే, ఈ ఉత్తరాన్ని మరొకరి పేరు మార్చి పంపడం కుదరదు. యాభై మందికి ఒకేసారి పంపే ఉత్తరాలను ఆచార్యులు మొదటి వరుసలోనే గుర్తుపడతారు. పది రోజుల్లో జవాబు రాకపోతే ఒకసారి మర్యాదగా గుర్తుచేయండి. అప్పటికీ రాకపోతే మరొకరికి రాయండి. అందులో అవమానమేమీ లేదు. వారి పెట్టెలో మీ ఉత్తరం పైన వంద ఉత్తరాలు ఉంటాయి.

చేరాక మొదటి నెల నిరాశగా ఉంటుంది. కటకాలు తుడవడం, ఫైళ్ల పేర్లు మార్చడం, ఎవరో రాసిన కోడును నడిపించడానికి కుస్తీ పట్టడం. దీన్ని చాకిరీ అనుకునే వారు రెండో నెల మాయమవుతారు. ఉండిపోయిన వారికి మూడో నెలలో ఒక చిన్న ప్రశ్న సొంతంగా దొరుకుతుంది. ప్రతి శుక్రవారం మీ మార్గదర్శికి అరపేజీ పంపండి: ఈ వారం ఏమి చేశాను, ఏమి పనిచేయలేదు, వచ్చే వారం ఏమి ప్రయత్నిస్తాను. "ఏమి పనిచేయలేదు" అన్న భాగాన్ని దాచకండి. ఏడాది తర్వాత వారు మీ గురించి సిఫారసు లేఖ రాసేటప్పుడు తిరగేసేవి ఈ అరపేజీలే.

నాలుగు చోట్ల రెండేసి నెలలు పనిచేసి పట్టికను పొడిగించడం కంటే, ఒకే చోట ఏడాదిన్నర ఉండటం మేలని నా అభిప్రాయం. మూడు నాలుగు శాఖలు రుచి చూడాలనే వారి వాదనలో న్యాయం లేకపోలేదు. కానీ లోతుకు వెళ్లినవారికి మాత్రమే, ఒక ప్రాజెక్టు విఫలమై మళ్లీ నిలబడటం అనుభవంలోకి వస్తుంది. పత్రం ప్రచురణ అయితే సంతోషం. కాకపోతే కొంప మునగదు. డిగ్రీ విద్యార్థుల్లో ప్రచురణ లేకుండానే మంచి చోట్ల చేరేవారు చాలామంది.

వేసవి కార్యక్రమాలను మరిచిపోకండి. జెనీవా దగ్గరి సెర్న్, హాంబర్గ్‌లోని డెసీ ప్రయోగశాల ఏటా వేసవి విద్యార్థులను తీసుకుంటాయి. అమెరికాలో నేషనల్ సైన్స్ ఫౌండేషన్ నిధులతో డిగ్రీ విద్యార్థులకు పరిశోధన అనుభవం ఇచ్చే ఆర్‌ఈయూ కార్యక్రమాలు ప్రధానంగా అక్కడి పౌరులకు, శాశ్వత నివాసులకు. వేసవి కార్యక్రమాల గడువులు ఎండలు రాకముందే, ఏడాది మొదట్లోనే ముగుస్తాయి. వేసవి సెలవులు దగ్గరపడ్డాక వెతికేవారికి మిగిలేది వచ్చే ఏడాది ప్రకటనే.

పరిశోధన చేశాక ఇది నాకు నచ్చలేదని తెలిస్తే, అది కూడా ఫలితమే. పీహెచ్‌డీ పూర్తిచేసిన వారిలో ఎక్కువమంది శాశ్వత ఆచార్య పదవుల్లో స్థిరపడరు. పరిశ్రమలోకి, దత్తాంశ విశ్లేషణలోకి, బోధనలోకి వెళతారు. ఐదారేళ్లు పెట్టే ముందు ఒక వేసవిలో తేల్చుకోగలిగితే లాభమే.

ఆరో అడుగు: సిఫారసు లేఖలు

సాధారణంగా మూడు అడుగుతారు. కనీసం ఒకటి, వీలైతే రెండు, మీ పరిశోధనను దగ్గర నుంచి చూసినవారి నుంచి రావాలి. "నా తరగతిలో ‘ఏ’ గ్రేడు తెచ్చుకుంది, క్రమశిక్షణ గల విద్యార్థిని" అనే లేఖ మార్కుల పట్టిక చెప్పినదాన్నే మళ్లీ చెబుతుంది. పేరున్న పెద్దాయన రాసిన నాలుగు వరుసల కంటే, మీతో రాత్రి పదింటి దాకా వాక్యూమ్ పంపు లీకు వెతికిన యువ అధ్యాపకురాలి రెండు పేజీలు ఎంతో బరువైనవి.

గడువుకు కనీసం నెల ముందు అడగండి. "లేఖ ఇస్తారా?" అని కాదు, "నా గురించి బలంగా రాయగలనని మీకు అనిపిస్తుందా?" అని అడగండి. తటపటాయిస్తే ధన్యవాదాలు చెప్పి మరొకరి దగ్గరికి వెళ్లండి. ఒప్పుకుంటే ఒకే కట్టగా ఇవ్వండి: విభాగాల జాబితా గడువుల వరుసలో, మార్కుల పట్టిక, మీ వ్యాసం ముసాయిదా, వారితో చేసిన పనిలో మీరు గుర్తుచేయాలనుకున్న మూడు సంగతులు. గడువుకు వారం ముందు గుర్తుచేస్తూ ఒక చిన్న ఉత్తరం రాయడం తప్పు కాదు.

ఏడో అడుగు: పరీక్షలు

అమెరికా ప్రవేశాలకు రాసే భౌతికశాస్త్ర జీఆర్ఈ పరీక్షను 2020 తర్వాత చాలా విభాగాలు ఐచ్ఛికం చేశాయి, కొన్ని పూర్తిగా మానేశాయి. ప్రతి విభాగం పేజీ విడిగా చూడండి. "అవసరం లేదు", "పంపితే చూస్తాం", "పంపినా చూడం" అన్నవి మూడు వేర్వేరు మాటలు. ఇప్పుడున్న పరీక్ష కంప్యూటరు మీద రెండు గంటలు, సుమారు 70 ప్రశ్నలు. క్లాసికల్ మెకానిక్స్ 20 శాతం, విద్యుదయస్కాంతత్వం 18 శాతం. అంటే మొదటి రెండేళ్ల పాఠాలే దాదాపు ఐదింట రెండు వంతులు. స్కోరు ఐదేళ్లు చెల్లుతుంది. అంతగా తెలియని కళాశాల నుంచి వచ్చే విద్యార్థికి, ఐచ్ఛికమైన చోట కూడా మంచి స్కోరు ఉపయోగపడుతుందని నా నమ్మకం. సగటు స్కోరు పంపనక్కరలేదు. టోఫెల్, ఐఈఎల్‌టీఎస్ స్కోర్లు చెల్లేది రెండేళ్లే కాబట్టి వాటిని మరీ ముందు రాయకండి.

ఎనిమిదో అడుగు: ఎక్కడికి?

ర్యాంకుల పట్టికలు పక్కన పెట్టండి. మీకు నచ్చిన ఐదారు పత్రాలు తీసుకుని, వాటి రచయితలు ఎక్కడ ఉన్నారో చూడండి. మీరు పనిచేయాలనుకునే వారు ఒక విభాగంలో కనీసం ముగ్గురు ఉంటేనే దరఖాస్తు చేయండి. ఒక్కరే ఉంటే, వారు పదవీ విరమణ చేసినా, వేరే చోటికి మారినా, నిధులు అయిపోయినా మీరు నడిసముద్రంలో ఉంటారు. వచ్చే ఏడాది కొత్త విద్యార్థిని తీసుకుంటున్నారా అని వారికి నేరుగా రాసి అడగవచ్చు.

ఎనిమిది నుంచి పది దరఖాస్తులు సరిపోతాయి. దరఖాస్తు రుసుము భారమైతే మినహాయింపు కోసం అడగండి. చాలా చోట్ల ఉంటుంది, అడగనివారికి దొరకదు.

తొమ్మిదో అడుగు: రెండు పేజీల వ్యాసం

"చిన్నప్పుడు నక్షత్రాలను చూసి ఆశ్చర్యపోయాను" అని మొదలుపెట్టకండి. అందరూ ఆశ్చర్యపోయారు. దరఖాస్తులు చదివేవారు కూడా ఆశ్చర్యపోయారు, అందుకే ఆ ఉద్యోగంలో ఉన్నారు.

ఈ రెండు వాక్యాలను పోల్చండి. "ఘనపదార్థ భౌతికశాస్త్రంలో పరిశోధన చేసి ఎన్నో విలువైన నైపుణ్యాలు నేర్చుకున్నాను." ఇది ఎవరైనా రాయగలరు. "మా నమూనాల నిరోధం ఉదయం ఒకలా, సాయంత్రం ఒకలా వచ్చేది, రెండు నెలలు పదార్థాన్నే అనుమానించి, చివరికి గది తేమను నమోదు చేయడం మొదలుపెడితే రెండు వక్రాలూ ఒకదానిమీద ఒకటి కూర్చున్నాయి." ఇది ఆ పని చేసినవారు మాత్రమే రాయగలరు. ఏ ప్రశ్న, మీరు స్వయంగా ఏమి చేశారు, ఎక్కడ ఆగిపోయారు, ఎలా కదిలారు, ఏమి తేలింది: ఈ వరుసలో ఒకటిన్నర పేజీ రాయండి. మిగిలిన అరపేజీలో ఆ విభాగంలో ఎవరితో, ఏ ప్రశ్న మీద పనిచేయాలనుకుంటున్నారో రాయండి. పేర్లు తప్పులేకుండా ఉన్నాయా, వేరే విశ్వవిద్యాలయం పేరు అందులో మిగిలిపోయిందా అని రెండుసార్లు చూడండి. ఈ రెండో తప్పు మీరనుకున్నదానికంటే మామూలుగా జరుగుతుంది.

ఒక సెమిస్టరు చెడిపోయి ఉంటే, కారణం ఒకటి రెండు వాక్యాల్లో చెప్పి ముందుకు వెళ్లండి. తర్వాతి సెమిస్టర్లలో మార్కులు పెరిగి ఉంటే మీ తరఫున అవే మాట్లాడతాయి.

పదో అడుగు: జవాబులు వచ్చాక

అమెరికాలో జవాబులు ఎక్కువగా జనవరి చివరి నుంచి మార్చి వరకు వస్తాయి. ఆర్థిక సహాయంతో చోటు ఇచ్చిన విభాగాలు, అక్కడి గ్రాడ్యుయేట్ పాఠశాలల మండలి తీర్మానంపై సంతకం చేసినవైతే, ఏప్రిల్ 15కు ముందే తేల్చమని మిమ్మల్ని ఒత్తిడి చేయకూడదు. ఆ వ్యవధిని వాడుకోండి. ఆయా బృందాల్లో ఇప్పుడున్న విద్యార్థులతో మాట్లాడండి, మార్గదర్శి గదిలో లేనప్పుడు. "పీహెచ్‌డీ ముగించడానికి ఇక్కడ నిజంగా ఎన్నేళ్లు పడుతుంది? మధ్యలో ఎవరైనా వదిలి వెళ్లారా? ముగించినవారు ఇప్పుడు ఎక్కడున్నారు?" అని అడగండి. జవాబు చెప్పేముందు వారు తీసుకునే విరామాన్ని కూడా గమనించండి. వెళ్లదలచుకోని చోటికి వెంటనే కాదని చెప్పేయండి. ఆ చోటు కోసం ఎవరో వేచి ఉంటారు.

ఎక్కడా రాకపోతే, ఒకటి రెండు విభాగాలకు మర్యాదగా రాసి దరఖాస్తులో లోపమేమిటో అడగండి, కొందరు చెబుతారు. ఒక ఏడాది ప్రయోగశాల సహాయకులుగా పనిచేసి, లేదా మాస్టర్స్ చేసి, మళ్లీ దరఖాస్తు చేసి చేరినవారు ప్రతి విభాగంలోనూ ఉంటారు. రెండోసారి అదే దరఖాస్తును పంపకండి, అంతే.

లేఖలు రాసిన ముగ్గురికీ ఫలితం చెప్పండి, వచ్చినా రాకపోయినా. ఇక ప్రయోగశాల వదిలి వెళ్లేముందు మీ కోడునూ, నోటుబుక్కులనూ, ఏ తీగ వదులుగా ఉంటుందో కూడా, మీ తర్వాత వచ్చే రెండో ఏడాది విద్యార్థికి కూర్చోబెట్టి అప్పగించండి. దానికి రెండు మధ్యాహ్నాలు పడుతుంది.